చదవని టైపిస్టు

మా వదినకు ఇంగ్లీషు పరీక్షకు సాయం చెయ్యమని అన్నయ్య అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆవిడకు నేను సాయం చెయ్యడమేమిటి? ఇరవై ఏళ్ళకు పైగా కోర్టులో టైపిస్టు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కొట్టేది ఇంగ్లీషే. నేను స్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతానన్న మాటే గానీ, ఏ మాటకైనా స్పెల్లింగు అనుమానం వస్తే మెట్ల మీద నిలబడి కింది వాటాలో ఉన్న వదిననే కేకేసి అడుగుతాను. ఆవిడ కూర తరుగుతూ, తలైనా ఎత్తకుండా అక్షరం అక్షరం చెప్పేస్తుంది.

"నేర్పక్కర్లేదే, ఊరికే ప్రాక్టీసు చేయించు," అన్నాడు అన్నయ్య. "ఒక పేరా ఇస్తారట. కింద ప్రశ్నలుంటాయట. చదివి జవాబుకు గుర్తు పెట్టాలి. అంతే."

"అంతేనా! వారం చాలు," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

పరీక్ష సంగతి ఇదీ. కోర్టులో టైపు సెక్షను ఎత్తేస్తున్నారు. జడ్జీలు మాట్లాడుతుంటే దానంతటదే రాసుకునే యంత్రాలు వస్తున్నాయి. యూనివర్సిటీలో సాయంత్రం పూట నడిచే న్యాయశాస్త్రం కోర్సులో సీటు తెచ్చుకున్న టైపిస్టులను పై అంతస్తుల్లో గుమాస్తాలుగా ఉంచుకుంటారు. తక్కినవాళ్ళను నేల కిందున్న రికార్డు గదికి పంపుతారు. వదినకు దుమ్ము పడదు. ఏదో పాత ఫైలు కోసం ఆ గదిలోకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ రాత్రంతా ఆయాసంతో కూర్చుని తెల్లవారుస్తుంది. "అక్కడ కూర్చోబెడితే నేను రిటైరయ్యేదాకా ఉండను," అని ఆవిడే తేల్చి చెప్పింది. ఈ ఏడాది దాటితే వయసు చూపించి పరీక్షకు రానివ్వరు. ఉన్నది ఒక్కటే పేపరు. ఇంగ్లీషు ప్యాసేజీలు, వాటి కింద ప్రశ్నలు.

మొదటి రోజు తేలికైనది ఇచ్చాను. ఒక దీవిలో చేపలు తగ్గిపోయాయి, పక్షులు ఇంకో దీవికి పోయాయి. నా ఏడో తరగతి పిల్లలు ఆవులిస్తూ చేసేస్తారు. వదిన కళ్ళద్దాలు సర్దుకుని, పుస్తకాన్ని ఎడంపక్క చెంబుకు ఆనించి నిలబెట్టి, గబగబా చదివేసింది. నేను సగంలో ఉండగానే అయిపోయిందంది.

"పక్షులు దీవి వదిలి ఎందుకు పోయాయి వదినా?"

"ఏ పక్షులు?"

"ఇప్పుడు చదివావు కదా!"

"చదివాను. మూడో లైనులో కామా తర్వాత రెండు ఖాళీలు వదిలాడు. అచ్చువేసినవాడు నిద్రలో ఉన్నట్టున్నాడు."

ఆవిడ వేళాకోళం చేస్తోందేమో అనుకున్నాను. పుస్తకం మూసేసి, మూడో లైను చూడకుండా చెప్పమన్నాను. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పొల్లుపోకుండా చెప్పింది. పక్షులు ఎందుకు పోయాయో ఆ లైనులోనే ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు పోయాయి?"

"అది ఎక్కడుంది?" అంది వదిన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

నేను నెత్తి కొట్టుకున్నాను. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "పోనీలే, పక్షులే కదా, వాటి ఇష్టం," అన్నాడు. ఆయనకు నీళ్ళ పంపుల దగ్గర ఉద్యోగం. రోజంతా మోటారు మోతలో ఎవరి మాటా వినపడక, ఇంటికొచ్చాక ఇలా పనికిరాని మాటలన్నీ తీరిగ్గా మాట్లాడతాడు.

రెండో వారానికి వదిన సొంత పద్ధతి ఒకటి కనిపెట్టింది. ప్రశ్నలో ఏ మాట ఉందో చూసుకోవడం, పైన ఆ మాట ఎక్కడుందో వెతకడం, ఆ లైనులోని మాటలు ఏ జవాబులో ఎక్కువ కనిపిస్తే దానికి గుర్తు పెట్టడం. అర్థంతో పని లేదు. మొదట్లో సగం సగం మార్కులొస్తే మురిసిపోయింది. పేపరు తయారుచేసేవాళ్ళు సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే తప్పుడు జవాబుల్లో ఆ మాటలు ఇరికిస్తారని చెప్పాను. వింటేనా! "కలిశాయి కదా, ఇంకేం కావాలి?" అంటుంది. "అర్థం కావాలి!" అంటాను. "అర్థం ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది," అంటుంది. గోడకు చెప్పినా పెచ్చులూడేదేమో. అన్నయ్య వంటింట్లోంచి తొంగిచూసి, "పాఠం నేర్చుకుంటున్నది మీ వదినా, నువ్వా?" అనేవాడు. ఆయన మీద కూడా ఒళ్ళు మండేది.

ఇంతకూ ఆవిడకు ఇంగ్లీషు రాదా అంటే, వచ్చు. విడిగా ఏ మాట అడిగినా అర్థం చెబుతుంది. అన్ని మాటలూ వరసగా ఎదురొస్తే మాత్రం ఒక్కటీ లోపలికి పోదు. ఎందుకో నాకు కోర్టుకు వెళ్ళిన రోజున తెలిసింది.

ఆ రోజు వదిన ఆయాసం మందు ఇంట్లో మరిచిపోయింది. స్కూలుకు సెలవు కాబట్టి నేనే పట్టుకెళ్ళాను. పొడుగాటి హాలు, వరసగా బల్లలు, పైన ఒక ఫ్యాను గిలకలా కీచుమంటోంది. వదిన ఎడంపక్క స్టాండుకు చేతిరాత కాగితం ఒకటి తగిలించి ఉంది. కళ్ళు దాని మీద, వేళ్ళు కీబోర్డు మీద, నోరు మాత్రం పక్క బల్ల ఆవిడతో, కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని. నేను వెనక నిలబడి కాగితం చదివాను. ఎవరో తండ్రి, కూతుర్ని వారానికొక్కసారి చూడనివ్వమని అడుగుతున్నాడు. పిల్ల స్కూలు గేటు బయట దూరంగా నిలబడి చూసినా చాలునంటున్నాడు. వీలులేదని కోర్టు చెబుతోంది. నేను ఆ లైను రెండోసారి చదివాను. వదిన వేళ్ళు ఆగలేదు.

"వచ్చావా పంతులమ్మా," అంది తల తిప్పకుండానే. ఆవిడ నన్ను అలాగే పిలుస్తుంది. "వెళ్ళేటప్పుడు బట్టల సబ్బు తీసుకెళ్ళు. అయిపోయింది."

ఇంతలో ఒక పెద్దావిడ బల్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "అమ్మా, మా కాగితం అయిందన్నారు. ఏం రాశారమ్మా అందులో?"

"తెలీదమ్మా. నేను కొట్టేదాన్నే. లాయరు గారిని అడగండి," అంది వదిన మర్యాదగానే. ఆ పెద్దావిడ కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయింది. వదిన అబద్ధమాడలేదు. ఆ కాగితం కొట్టింది తనే, అయినా అందులో ఏముందో ఆవిడకు నిజంగానే తెలీదు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసే బస్సెక్కాం. నేను ఉండబట్టలేక అడిగేశాను. "వదినా, అంత కాగితం కొట్టి, ఆ తండ్రి సంగతి నీకు ఏమీ అనిపించలేదా?"

"ఏ తండ్రి?" అంది. తర్వాత నా మొహం చూసి చెప్పింది.

"చేరిన కొత్తలో నేనూ చదివేదాన్ని. ఒకసారి ఒక కుర్రాడి బెయిలు కాగితం. వాళ్ళమ్మ రాసుకున్నది చదువుతూ ఏడ్చేశాను. ఆ ఏడుపులో ఒక లైను ఎగిరిపోయింది. వదిలిపెట్టమన్న లైనే! కాగితం వెనక్కొచ్చింది. సరిచేసి పంపేసరికి కోర్టుకు సెలవులొచ్చాయి. ఆ సెలవులన్నీ వాడు జైల్లోనే ఉన్నాడు. నా ఏడుపు వాడికి ఏం ఒరగబెట్టింది చెప్పు? అప్పుడు సూపరింటెండెంటు గారు పిలిచి, 'కళ్ళతో కొట్టమ్మా, మనసు ఇంట్లో పెట్టి రా,' అన్నారు. అప్పట్నుంచీ అంతే. ఒక్క తప్పు లేదు."

అయినా పరీక్ష దగ్గరపడుతోంది. "మరి ఆ మనసు ఇప్పుడు తెచ్చుకో," అన్నాను విసుగ్గా.

"అదేమన్నా కుళాయా, తిప్పగానే రావడానికి?"

ఆవిడ కిటికీలోంచి దుకాణాల బోర్డులు చూస్తోంది. ఒళ్ళోని సంచీ మీద వేళ్ళు కదులుతున్నాయి. కాసేపు గమనించాను. బోర్డులన్నీ టైపు కొడుతోంది! చెప్పుల దుకాణం, కళ్ళద్దాల దుకాణం, ఒక్కటీ వదలకుండా. అక్షరాలు కళ్ళలోంచి నేరుగా వేళ్ళలోకి దిగిపోతున్నాయి. మధ్యలో తల అనేదొకటి ఉందని వాటికి గుర్తే లేదు.

అయితే ఆ దారి మూసెయ్యాలి అనుకున్నాను. చదువుతున్నంతసేపూ వదిన చేతులు పట్టుకోమని అన్నయ్యను కూర్చోబెట్టాను. "పెళ్ళైన ఇన్నేళ్ళకు ఈ భాగ్యం కలిగింది," అంటూ సంబరంగా కూర్చున్నాడు. రెండు నిమిషాలకే, "ఇదిగో, నా అరచేతిలో కామాలు పొడుస్తోంది," అని లేచిపోయాడు. చేతుల మీద కూర్చోమంటే కాలివేళ్ళు ఆడించింది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

చివరికి దారి చూపించింది బట్టల బకెట్టు. ఆదివారం వదిన పెరట్లో బట్టలు పిండుతోంది. తడి దుప్పటి మెలితిప్పేటప్పుడు రెండు చేతులకూ ఊపిరి సలపదు, ఇంక వేళ్ళకు టైపు కొట్టే తీరికెక్కడిది? నేను పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, ప్యాసేజీ ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాను. ఒక నది, ఒక పడవ నడిపే ఆవిడ. నది మీద వంతెన కట్టారు. తెరిచిన రోజున ఊరంతా చప్పట్లు కొట్టింది. పడవావిడ కూడా, 'ఆనందంగా ఉంది,' అంటూ కొట్టింది. అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే వంతెన మీద అటు నడిచి, ఇటు నడిచి వచ్చింది. అంతే ప్యాసేజీ.

వదిన చేతుల్లో దుప్పటి ఆగిపోయింది. నీళ్ళు కారుతున్నాయి.

"అయితే రేపట్నుంచి ఆవిడేం చేస్తుంది?" అంది.

పుస్తకం నా చేతిలోంచి జారి బకెట్లో పడబోయింది. సంతోషం పట్టలేక అన్నయ్యను కేకేశాను. ఆయన వచ్చి, "ఎవరావిడ, మన వీధేనా?" అన్నాడు.

నా సంతోషం ఆ పూటే ఆవిరైపోయింది. పడవావిడ వంతెనను ఎలా తీసుకుంది అన్నది ప్రశ్న. ఆనందంగా స్వాగతించింది అన్నది సరైన జవాబు. ప్యాసేజీలో ఆ మాటే ఉంది. వదిన ఒప్పుకోదే!

"పైకి అలా అంది. లోపల ఎంత ఏడ్చిందో వీడికేం తెలుసు?"

"వదినా, అందులో రాసి ఉన్నదే జవాబు!"

"రాసినవాడు ఒడ్డున కూర్చుని చూశాడు. పడవ వాడిదా?"

"నీ గుండెలో ఉన్నదానికి మార్కులు వెయ్యరు! కాగితం మీద ఉన్నదానికే వేస్తారు!"

"ఇన్నాళ్ళూ కాగితం మీద ఉన్నది చూస్తే అర్థం కావాలన్నావు. ఇప్పుడు అర్థమైతే కాగితం చూడమంటున్నావు. నీకేం కావాలో ముందు నువ్వు తేల్చుకో పంతులమ్మా!" అని దుప్పటి బకెట్లో ధభీమని పడేసి లోపలికి పోయింది. నా చీరంతా సబ్బునీళ్ళు.

ఆ తర్వాత రోజూ యుద్ధమే. చదివిన ప్రతి మనిషి గురించీ ఆవిడకు బెంగ. మంచుకొండ మీద దారి తప్పినవాడు ఇల్లు చేరాడా? బడి మూసేశాక ఆ మాస్టారు ఎక్కడికి పోయారు? ఈ ప్యాసేజీకి మంచి పేరు ఏది అన్న ప్రశ్న కనిపిస్తే చాలు, "మనిషి కొంప మునుగుతుంటే వీళ్ళకు పేరు కావాలట!" అని మండిపడేది. అయినా మెల్లమెల్లగా, గొణుక్కుంటూనే, రాసినవాడు అన్నదేమిటో, తను అనుకున్నదేమిటో విడదీసి చూడటం మొదలుపెట్టింది. మార్కులు పెరిగాయి. నేను ఊపిరి పీల్చుకుంటున్నాను.

పరీక్ష ఇంకో వారం ఉందనగా, కోర్టు నుంచి వస్తూనే కుర్చీలో కూలబడింది. "నాకు పరీక్ష వద్దు. పుస్తకాలు పట్టుకుపో," అంది.

"ఏమైంది?"

"ఇవాళ ఒక్క కాగితం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టాను. ముసలి మొగుడూ పెళ్ళాం, విడిపోతామంటున్నారు. ఇన్నేళ్ళుండి ఇప్పుడేమిటని కొడుతూ ఆగిపోతాను, మళ్ళీ మొదలుపెడతాను. సూపరింటెండెంటు గారు అందరి ముందూ అరిచారు. ఇదివరకు హాయిగా ఉండేదాన్ని. నువ్వొచ్చి నన్ను తెరిచిపెట్టావు. ఎలా మూయాలో మాత్రం చెప్పలేదు."

నాకు జాలి వెయ్యాలి. కోపమే వచ్చింది. "ఇన్ని నెలలు నా గొంతు అరిగిపోయేలా అరిస్తే, ఇప్పుడా ఈ మాట! అయితే పోయి రికార్డు గదిలో కూర్చో!"

"కూర్చుంటాను. అక్కడెవరూ ఏమీ చదవక్కర్లేదు."

అన్నయ్య ఆ రోజు వేళాకోళం చెయ్యలేదు. మంచం మీద నుంచి లేచి వచ్చి వదిన పక్కన కింద కూర్చున్నాడు. "దుమ్ములో కూర్చుని నువ్వు గసపెడుతుంటే చూడటం నా వల్ల కాదు," అన్నాడు. "చదివి ఏడువు. ఎంత కావాలంటే అంత ఏడువు. ఏడుపుకు మందు అక్కర్లేదు." వదిన లేచి, తడిపి పెట్టిన బట్టలున్న బకెట్టు పెరట్లోకి లాక్కుపోయింది. నేను పుస్తకం పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

పరీక్ష రోజున హాల్లోకి బకెట్టు రానివ్వరు కాబట్టి, తడి రుమాలు ఒకటి ఎడంచేతిలో పిండుకుంటూ లోపలికి పోయింది. నేను గేటు బయట నిలబడ్డాను. గంట కొట్టారు. అందరూ బయటికొచ్చారు. సగం మంది వదినకు పిల్లల వయసువాళ్ళు, జవాబులు అరుచుకుంటూ పోయారు. వదిన జాడ లేదు. ఎక్కడో ఎవరి గురించో బెంగపెట్టుకుని ఉంటుంది, ఇన్ని నెలల చాకిరీ నీళ్ళపాలే అనుకుంటూ పళ్ళు నూరుకున్నాను. ఆఖరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా రాశావు?"

"చివరి ప్యాసేజీ పూర్తిగా చూడలేదు. టైము చాల్లేదు."

"ఎందుకు చాల్లేదు? ఏం చేశావు లోపల?" అరిచేశాను. గేటు దగ్గర వాచ్‌మన్ మావైపు తిరిగి చూశాడు.

వదిన అక్కడే గట్టు మీద కూర్చుంది. "రెండో ప్యాసేజీ ఒక తీర్పులోది," అంది. "చదవడం మొదలుపెట్టానో లేదో, నా కుడిచేతి వేళ్ళు కదలడం మొదలెట్టాయి. నేను చూడని మాటలు కూడా ముందే కొట్టేస్తున్నాయి. అది నేను కొట్టిందే పంతులమ్మా. ఎప్పుడో చాలా ఏళ్ళ కింద."

"ఇంకేం మరి! జవాబులన్నీ నీకు తెలిసే ఉండాలి కదా!"

"కొట్టాను గానీ, ఏముందో ఇవాళే చదివాను." రుమాలు మెలిపెడుతోంది. "ఒక మిల్లు గేటు దగ్గర కాపలావాడు. ఎదురింట్లో మంటలు లేస్తే గేటు వదిలేసి పరిగెత్తి, లోపలున్న ముసలివాళ్ళను బయటికి లాక్కొచ్చాడు. అదే అదనుగా మిల్లులో దొంగతనం జరిగింది. ఉద్యోగంలోంచి తీసేశారు. కోర్టుకొచ్చాడు. నాకు ఆ మనిషి గుర్తున్నాడు. ఉద్యోగం పోయినా ఆ కాపలా కోటే వేసుకుని వచ్చేవాడు. జడ్జి గారు ఇంగ్లీషులో చదివేశారు, వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. లాయరు ఊళ్ళో లేడు. నా బల్ల దగ్గరికొచ్చి, 'గెలిచామా తల్లీ?' అన్నాడు. అప్పుడే కొట్టడం పూర్తి చేశాను. కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది."

నాకు ఆ తర్వాతి మాట తెలుసు. అయినా ఆవిడే చెప్పింది.

"తెలీదయ్యా, నేను కొట్టేదాన్నే అన్నాను. వెళ్ళి బయట మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం చూశాను, అక్కడే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వస్తూ చూశాను, అక్కడే ఉన్నాడు, తల పట్టుకుని. కొంచెం పక్కకు జరుగు నాయనా అని దాటుకుని వచ్చేశాను." రుమాలుతో మొహం తుడుచుకుంది. "గెలిచాడు పంతులమ్మా. రోజంతా ఆ మెట్ల మీద గెలిచే కూర్చున్నాడు."

నేనూ ఆ గట్టు మీదే ఆవిడ పక్కన కూర్చున్నాను.

సీట్ల జాబితా వచ్చినప్పుడు వదిన పేరు చివరి వరసల్లో ఎక్కడో ఉంది. ఉంది, అంతే చాలు. అన్నయ్య ఆ కాగితాన్ని గోడకు అంటించి, వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించాడు.

టైపు సెక్షను ఎత్తేసే దాకా వదిన ఆ బల్ల దగ్గరే పనిచేసింది. ఒక రోజు సాయంత్రం సూపరింటెండెంటు గారు ఫోను చేశారు. అన్నయ్య తీశాడు. అవతల గొంతు నాకూ వినిపించేంత గట్టిగా ఉంది. "మీ ఆవిడతో వేగలేకపోతున్నానండీ. ప్రతి కాగితం ముందు ఒళ్ళో చేతులు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది, అప్పుడు గానీ కొట్టడం మొదలెట్టదు. పోనీ అని ఊరుకుంటే, వరండాలో ఎవరేం అడిగినా లేచి వెళ్ళి, పక్కన కూర్చుని, గెలిచారో ఓడారో విడమరిచి చెప్పి మరీ వస్తోంది. పని ఎప్పుడవుతుంది?"

"ఇందులో నాకేం సంబంధం లేదండీ. నేర్పింది మా చెల్లెలు," అని అన్నయ్య ఫోను నా చేతిలో పెట్టేశాడు.

సూపరింటెండెంటు గారు నాకు మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు. అంతా విన్నాను. "నేర్పడానికే నా తాతలు దిగొచ్చారండీ," అన్నాను. "మానిపించడం మాత్రం నా వల్ల కాదు."